పనికి ప్రాపు

(కోరుట్లలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



బడిపిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్న మాబోటివారిని ఈ వేదికపై నిలిపి నాలుగు మాటలు చెప్పుమని ఆజ్ఞాపించితిరి. వాక్పటిమ కలదన్న గర్వముతో మేము లేవలేదు. ఈ సభలో కూర్చున్నవారిలో అనేకులు ఒకప్పుడు మా యెదుట బల్లలపై కూర్చుండినవారే గావున, నాడు విన్నట్లే నేడును ఓపికతో విందురన్న ధైర్యముతో లేచితిమి. మనుష్యునికి పనియందు ఉత్సాహము ఎచ్చటనుండి వచ్చును? ఎట్లు పోవును? పోవుచున్నదానిని నిలుపుటకు సంఘమేమి చేయగలదు? ఇదియే నేటి మా విషయము.

మొదట మా తప్పు నొకదానిని ఒప్పుకొనవలయును. మేము ఉద్యోగములో నున్న కాలమున, మన నేత కుటుంబపు బాలు డొకడు తరగతిలో ప్రతిదినమును కునికిపాట్లు పడుచుండెను. శబ్దములు వల్లింపుమన్నచో మొదటి విభక్తి దాటకమునుపే కన్నులు మూతపడెడివి. మేము వానిని సోమరియంటిమి; బల్లపై నిలుచుండ బెట్టితిమి; ఒకటి రెండు దినములు బెత్తమునకును పని చెప్పితిమి. తుదకు తండ్రితో చెప్పవలెనని ఒక సాయంకాలము వారి యింటికి వెళ్లితిమి. ఇంట సాంచె ఆగియున్నది. తండ్రి దానిప్రక్కనే గోడకు చేరగిలబడి కూర్చుండెను. తల్లి చాటలో తునికాకు పెట్టుకొని బీడీలు చుట్టుచుండెను. బాలుడు ఇంట లేడు. పొరుగువాడలో కూలికి కండెలు చుట్టుటకు పోయినాడనియు, నడిరేయి గాని రాడనియు తల్లి చెప్పినది. మేము వచ్చిన పని మఱచి, మీరేల ఊరక కూర్చున్నారని తండ్రి నడిగితిమి. ఆయన యిట్లనెను: "నూలుంటె పండుకునేటందుకు యాళ్ల ఉండది సారూ. నూలు లేకుంటె పండుకున్నా నిద్ర పట్టది."

ఆ మాట మా చెవిలో నేటికిని మ్రోగుచున్నది. మఱుసటి యేడు ఆ బాలుడు భివండికి పోయినాడు. హాజరుపట్టికలో వాని పేరు కొట్టివేసిన గీతను మేమే మా చేతితో గీచితిమి. సోమరితనమని మేము పేరు పెట్టినది సోమరితనము కాదు. తండ్రికి పని లేమియు, కుమారునికి పని మితిమీఱుటయు ఒకే యింట రెండు రూపములు దాల్చిన ఒకే వ్యాధి. వ్యాధిని గుర్తింపక రోగిని దండించిన వైద్యుని వలె మేము ప్రవర్తించితిమి.

మేము సంస్కృతము చదివినవారము గావున మా శాస్త్రమునుండి ఒక మాట చెప్పుటకు అనుజ్ఞ నిండు. అలంకారశాస్త్రమున ఉత్సాహము వీరరసమునకు స్థాయిభావము. అది మనుష్యుల హృదయములలో సహజముగనే యుండును. ఉన్నను తనంతట తాను మేల్కొనదు. దానికి విభావములు కావలయును. అందు మొదటిదానికి ఆలంబనమని పేరు. ఆలంబనమనగా పట్టుకొనదగినది, ఊత. రెండవది ఉద్దీపనము, అనగా ఉన్నదానిని ప్రజ్వలింపజేయునది. ఉపన్యాసములు, సన్మానములు, హెచ్చరికలు ఇవన్నియు ఉద్దీపనములు. ఆలంబనము లేనిచోట ఎన్ని ఉద్దీపనములున్నను రసము పుట్టదు. మన సభలలో తఱచుగా జరుగుచున్న పొరపాటు ఇదియే. ఊత నీయక ఉత్సాహపడుమని యువకులకు చెప్పుచున్నాము.

ఇది పుస్తకములలోని మాట మాత్రమే కాదనుటకు మన పొరుగున సిరిసిల్లయే సాక్ష్యము. అగ్గిపెట్టెలో ఇమిడెడి చీరను నేసి కీర్తి గడించిన నల్ల పరంధాములుగారి యూరది. అచ్చట 20,000 లకు పైబడి మరమగ్గములు కలవు. పని నడచు తీరు మీ రెఱుగనిది కాదు. నూలు పెట్టుబడి పెట్టు యజమాని యొకడు. ఆ నూలు తీసికొని తన సాంచెలపై బట్ట నేయించి యిచ్చు ఆసామి యొకడు. పగటిపాళియో రాత్రిపాళియో సాంచెలయొద్ద నిలిచి నేయు కార్మికు డొకడు. వారి వెనుక వైపని వారు, వార్పింగు వారు, కండెలు చుట్టు స్త్రీలు. ఈ గొలుసులో పై కొనయందు నూలు ఆగినచో క్రింది కొనయందు పొయ్యి ఆరును. కార్మికునికి కూలి నేసిన బట్టను బట్టి గాని గడచిన దినమును బట్టి కాదు. సాంచె ఆగిన దినమునకు విలువ లేదు. ఆ దినమున ఆకలి మాత్రము ఆగదు.

1990 ప్రాంతపు దశాబ్దము చివరనుండి మఱి కొన్ని యేండ్లవఱకు సిరిసిల్లలో నేతపనివారి బలవన్మరణములు దేశమంతట వార్తలకెక్కెను. ఆ వార్తలను మనము దుఃఖముతో చదివితిమి. బట్టకు గిరాకి తగ్గుట, నూలుధర పెరుగుట, అప్పు, వ్యాధి, మద్యము అని కారణములు వ్రాయబడెను. అన్నియు నిజమే. అయినను ఆ యన్నింటి నడుమ మఱియొకటి కలదు. రేపు పనియుండునో లేదో తెలియనివాడు నేటి భారమును మోయలేడు.

2017లో నాటి రాష్ట్రప్రభుత్వము బతుకమ్మ చీరల పథకమును ఆరంభించినది. ఏటా సుమారు ఒక కోటి చీరలు కావలసివచ్చెను. మొదటి సంవత్సరము సూరతునుండి తెచ్చిన చీరలపై విమర్శలు రాగా, తరువాతి సంవత్సరములలో ఆ పని ముఖ్యముగా సిరిసిల్ల సాంచెలకు వచ్చినది. బడిపిల్లల దుస్తుల బట్టయు అచ్చటనే నేయబడినది. నెలల తరబడి పని యున్నదని ముందుగా తెలియుటచేత వలసపోదలచినవా డాగినాడు, పోయినవాడు తిరిగి వచ్చినాడు, బాకీ కొంత తీరినది. నిన్నటివఱకు సోమరులని పిలువబడినవారే పాళిపై పాళి పనిచేసిరి. వారికెవ్వరును ఉత్సాహమును గూర్చి ఉపన్యసింపలేదు. నూలు వచ్చినది, ఉత్సాహము దాని వెంట నడచివచ్చినది.

ఈ కథకు రెండవ సగమును కలదు. 2024లో ఆ చీరల ఆర్డరు రాలేదు. అంతకుముందు నేసినదానికి రావలసిన బాకీలు నిలిచియుండెను. సాంచె లాగెను, మరల మరణవార్తలు వచ్చెను. తరువాత వేములవాడలో నూలు డిపో ఏర్పడినది. 2025లో స్వయంసహాయక సంఘముల స్త్రీలకొఱకు చీరల ఆర్డరు రాగా సాంచెల చప్పుడు మరల వినబడినది. ఏ ప్రభుత్వమును పొగడుటకో తెగడుటకో మేమిది చెప్పుట లేదు; మా వయస్సున ఆ పని మాకు తగదు. ఒంటినిట్టాడి పాకకు ఒక్క గుంజయే ఆధారము. ఆ గుంజ ఎంత లావైనను అది కదలిననాడు పాకయంతయు కూలును. కావున ఊత కావలయును. ఆ యూత ఒక్కటే కారాదు.

పని పోయినవాడు కూలిని మాత్రమే పోగొట్టుకొనునా? ఈ ప్రశ్నకు దూరదేశమునుండి ఒక సమాధానము కలదు. ఆస్ట్రియా దేశమున వియన్నా నగరమునకు చేరువను మారియెంతాల్ అను చిన్న యూరు కలదు. అదియు మన సిరిసిల్ల వలె బట్టల మిల్లుపై బ్రతికిన యూరే. 1929–30 ప్రాంతమున ఆ మిల్లు మూతపడినది. మరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అను పరిశోధకులు తమ తోడివారితో కలసి అచ్చటి 478 కుటుంబముల స్థితిని పరిశీలించి 1933లో గ్రంథము ప్రకటించిరి. పని లేదు గావున తీరిక మిక్కిలి పెరిగినది. తీరిక పెరిగినచో జనులు ఎక్కువగా చదువుదురని మనము తలంతుము గదా! గ్రంథాలయములో పుస్తకములకు రుసుము తీసివేసినను, రెండేండ్లలో తీసికొనిపోబడిన పుస్తకముల సంఖ్య ఇంచుమించు సగమునకు పడిపోయినది. పురుషులు వీధిలో నడచుచు మాటిమాటికి నిలిచిపోవుచుండిరి. వారి నడక మందగించినది. ఉదయమునుండి సాయంకాలమువఱకు ఏమి చేసితిరని అడిగిన చెప్పలేకపోయిరి. ఇంటిపనియు పిల్లల పనియు గల స్త్రీలకు మాత్రము దినమునకొక క్రమము మిగిలినది.

ఆ పరిశోధకులు కుటుంబములను నాలుగు తెగలుగా విభజించిరి: చెక్కుచెదరనివారు, సరిపెట్టుకొన్నవారు, నిరాశులు, జడులు. నెలకు ఒక్కొక్క మనిషి లెక్కకు వారికి వచ్చు సగటు ఆదాయము వరుసగా 34, 30, 25, 19 షిల్లింగులు. ఆర్యులారా! ఈ నాలుగంకెలను గమనింపుడు. చెక్కుచెదరనివానికిని సరిపెట్టుకొన్నవానికిని నడుమ నాలుగు షిల్లింగులు మాత్రమే భేదము! మన మొకనిని ధీరుడనియు మఱియొకనిని అధైర్యవంతుడనియు పిలుతుము. ఇరువురి నడుమ నున్నది పెక్కుమార్లు స్వభావభేదము కాదు, కొలదిపాటి ఊత.

"సహాయము చేసినకొలది జనులు సోమరులగుదురు" అని మన దాతలలో కొందఱందురు. మారియెంతాలులో జరిగినది దీనికి విపరీతము. ఊత తగ్గినకొలది జడత్వము పెరిగినది. సిరిసిల్లలో జరిగినదియు అదియే. అయితే దాతల మాటలోను కొంత సత్యము లేకపోలేదు. బియ్యపుసంచితో పేదవానిని నిలువబెట్టి ఫోటో తీసి పత్రికకు పంపునట్టి సహాయము వాని చేతిని నింపి వెన్ను వంచును. పనియై వచ్చిన సహాయము, హక్కై వచ్చిన సహాయము వెన్నును నిలుపును.

పని యున్నంతమాత్రముననే అంతయు చక్కబడునా యన్నచో, అదియు కాదు. మన కోరుట్లనే చూడుడు. మన స్త్రీలు బీడీలు చుట్టి ఎన్ని కుటుంబములను నిలిపిరో! వేయి బీడీల లెక్కన కూలి. ఆకు చాలకపోయినను, చుట్టినది బాగులేదని తీసివేసినను నష్టము వారిదే. మెడనొప్పి, నడుమునొప్పి, పొగాకు ఘాటు వారి వెంటనే యుండును. 1966 నాటి బీడీకార్మికుల చట్టము, 1976 నాటి సంక్షేమనిధి చట్టము వారికి కొన్ని హక్కుల నిచ్చినవి. వృద్ధురాలైన బీడీకార్మికురాలు తన పి.ఎఫ్. పుస్తకమును చీరమడతలో భద్రపఱచుకొనుట మేము చూచితిమి. ఆమెకు అది కాగితము కాదు. తన పనిని లోకము లెక్కకు తీసికొన్నదనుటకు సాక్ష్యము.

గల్ఫు దేశములకు పోయిన మన యువకులది మఱియొక తీరు. అచ్చట పని కలదు, జీతము కలదు. పండుగనాడు పలుకరించువాడు లేడు. ఇచ్చట వాడకట్టు కలదు, బంధువులు కలరు, పని లేదు. ఒకనికి కూడు, మఱియొకనికి తోడు. రెండును కలసి దొరకుట అరుదైపోయినది.

మన పెద్దలు ఈ రెంటిని కలిపి యోగక్షేమమనిరి. లేనిదానిని సంపాదించుట యోగము. ఉన్నదానిని కాపాడుకొనుట క్షేమము. ఉత్తరములలో "యోగక్షేమములు తెలియజేయగలరు" అని వ్రాసి వ్రాసి దాని యర్థమును మఱచితిమి. పని యోగము. ఊత క్షేమము. ఒకటి లేక రెండవది నిలువదు.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున సూత్రాధ్యక్షుడను అధికారిని గూర్చి ఒక ప్రకరణమే వ్రాసెను. నూలు సన్నదనమును బట్టి వేతనము నిర్ణయింపవలయును. ఇల్లు వెడలరాని స్త్రీలకు దాసీజనము ద్వారా పని పంపి పోషింపవలయును. వేతనమిచ్చుటలో కాలము దాటించిన అధికారికి జరిమానా విధింపవలయును అని యందు కలదు. కూలి ఆలస్యము చేయుట అపరాధమని అంత ప్రాచీనకాలముననే నిర్ణయింపబడినదన్న సంగతిని ఈ సభలోని యజమానులును ఆసాములును మనసున నుంచుకొందురుగాక! మాటిమాటికి "వచ్చేవారము" అను మాట నూలుకంటె సన్నముగా మనుష్యుని కోయును.

పూర్వము లాటదేశమునుండి, అనగా నేటి దక్షిణ గుజరాతునుండి, పట్టునేతవారి శ్రేణియొకటి మధ్యభారతములోని దశపురమునకు, నేటి మందసోరునకు, వలసవచ్చినది. కొందఱు నేతయందే నిలిచిరి. కొందఱు విలువిద్యను, కొందఱు జ్యోతిషమును చేపట్టిరి. వృత్తులు వేఱైనను శ్రేణి విడిపోలేదు. క్రీ.శ. 437 ప్రాంతమున ఆ శ్రేణి సూర్యదేవాలయమును కట్టించినది. 473 ప్రాంతమున దానిని బాగుచేయించినది. వత్సభట్టి రచించిన శాసనమువలన ఈ సంగతి తెలియుచున్నది. నేడు మన పిల్లలలోను ఉపాధ్యాయులు, వైద్యులు, యంత్రశాస్త్రజ్ఞులు కలరు. సాంచె విడిచినవాడు సాంచెపై నున్నవానిని విడువకుండుటయే శ్రేణిధర్మము.

ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 1844లో 28 మంది కూడి, పిండి, వెన్న, చక్కెరవంటి సరకులతో ఒక చిన్న అంగడి తెఱచిరి. వారిలో నేతవారును ఉండిరి. లోకమున సహకారోద్యమమునకు ఆ అంగడియే మార్గదర్శకమైనది. మన తెలంగాణమున 1915లో వాంకిడిలో జన్మించిన కొండా లక్ష్మణ్ బాపూజీగారు నేతవారి సహకారసంఘములకై జీవితమంతయు పాటుపడిరి. 1969లో తెలంగాణముకొఱకు మంత్రిపదవిని విడిచిన ఆ మహనీయుడు 2012లో పరమపదించిరి. ఆయన విగ్రహమునకు పూలమాలలు వేయుట సులభము. సంఘపు లెక్కలపుస్తకమును ఆయన కోరునట్లు తెఱచియుంచుట కష్టము.

ఇక మన సంఘము చేయదగినవి నాలుగు విన్నవించుకొందుము.

మొదటిది: ప్రభుత్వమిచ్చు ఊతలను అందుకొనుట. 2017లో వచ్చిన నేతన్నకు చేయూత పొదుపు పథకమున కార్మికుడు తన కూలిలో 8 పాళ్లు దాచుకొనగా, చేనేతవారికి 16 పాళ్లు, మరమగ్గములవారికి 8 పాళ్లు ప్రభుత్వము కలుపుటకు ఏర్పాటైనది; ఇది నూటికి లెక్క. 2022 ఆగస్టు 7న ఆరంభింపబడిన నేతన్న బీమా, కార్మికుడు మరణించినచో కుటుంబమునకు 5 లక్షల రూపాయలు ఇచ్చుటకు ఏర్పాటైనది. నేతవారికి 50 ఏండ్లకే పింఛను అర్హత కల్పింపబడినది. వీనికి దరఖాస్తు వ్రాయలేక విడిచినవారు మన వాడలలోనే కలరు. ప్రతి సోమవారము ఉదయము సంఘభవనమున మేము కూర్చుందుము. కాగితములు తెచ్చినవారికి వ్రాసిపెట్టుదుము. కన్నులు మసకబారినను చేవ్రాలు ఇంకను కుదురుగనే యున్నది.

రెండవది: నూలు నిధి. మన సంఘము ఒక యింట మరణము సంభవించిన పిదప చందా వసూలు చేసి ఇచ్చుచున్నది. అది పుణ్యకార్యమే. ఆ చందాలో కొంత ముందుగనే కూడబెట్టి, సాంచె ఆగిన నెలలలో చిన్న ఆసామికి నూలుకొఱకును, కార్మికునికి ఇల్లు గడచుటకొఱకును వడ్డీలేని బదులుగా నిచ్చినచో, పిదప వసూలుచేయు అవసరమే తగ్గును. ఈ యేడు సన్మానములకు కొన్న శాలువల వెలతో ఈ నిధి నారంభింపవచ్చును. నేడు మాకు కప్పిన శాలువతోనే ఆరంభింపుడు. దాని వెలకు సమానముగా మా పింఛనునుండి మేము కలిపెదము.

మూడవది: కూలికి నియతమైన దినము, కార్మికుని చేతిలో లెక్కపుస్తకము. ముందు ఇచ్చిన బాకీ కార్మికుని కట్టివేయు త్రాడు కారాదు. తన లెక్క తనకు తెలిసినవాడు తలయెత్తి పనిచేయును. ఇది యజమానికిని లాభమే.

నాలుగవది: తోడు. సంఘభవనము పెండ్లిండ్లకు మాత్రమే తెఱవబడుచున్నది. పనిలేని దినములలో ఉదయమే దాని తలుపులు తీయుడు, పత్రికలుంచుడు, ప్రొద్దుట లేచి పోవుటకొక చోటు కల్పింపుడు. వాడకొక్క పెద్దమనిషి, ఒక్క పెద్దముత్తైదువ సాంచె ఆగిన యిండ్లకు వెళ్లి పలుకరింపవలయును. మాటలు తగ్గించినవాడు, బంధువులనుండి తప్పించుకొని తిరుగువాడు కనబడినచో "ధైర్యముగా నుండు" అని చెప్పి వచ్చుట చాలదు, వానివద్ద కూర్చుండవలయును. 2022 అక్టోబరునుండి నడచుచున్న టెలీమానస్ అను ప్రభుత్వ సహాయకేంద్రమునకు 14416 సంఖ్యకు ఫోను చేసి రాత్రియైనను పగలైనను మన భాషలోనే మాటాడవచ్చును. ఆ సంఖ్యను ప్రతి సాంచెలషెడ్డు గోడపై వ్రాయింపుడు.

సోదరులారా! వస్త్రమున ముందుగా నిలుచునది పడుగు. దాని నడుమ పరుగెత్తునది పేక. పడుగు తెగినచో నాడె ఎంత వేగముగా పరుగెత్తినను బట్ట పుట్టదు. కార్మికుని యుత్సాహము పేక. సంఘము, వాడకట్టు, చట్టము, నిధి, ఇరుగుపొరుగుల మాట ఇవియే పడుగు. తెగిన పోగును గుర్తించి ముడివేయుట మన కులవిద్య. దానిని మగ్గమునొద్ద చేసినట్లే మనుష్యుల నడుమను చేయుదము.

బల్లపై నిలువబెట్టిన ఆ బాలుడు నేడు ఎచ్చట నున్నాడో మా కెఱుకలేదు. ఎచ్చట నున్నను వాడు సుఖముగా నుండుగాక! వానివంటి మఱియొక బాలుడు మన బడులలో కునుకుచున్నచో, ఉపాధ్యాయుడు బెత్తము తీయకమునుపు ఆ యింట సాంచె ఆడుచున్నదా యని అడుగునుగాక!